అన్ చేరిన మాట

రామసుబ్బమ్మ గుడ్డసంచీని బల్లమీద బోర్లించగానే ఆరో తరగతి ఆడపిల్లలందరూ ముందుకు వంగారు. సంచీలోంచి పడ్డవి ఇంగ్లీషు మాటలు. తెల్ల లాంక్లాతు పీలికల మీద ఎర్రదారంతో గొలుసుకుట్టు వేసి కుట్టిన మాటలు. హ్యాపీ, కైండ్, కరెక్ట్, పాసిబుల్, ఆనెస్ట్. అవిగాక నీలంగుడ్డ ముక్కలు నాలుగు రకాలు ఉన్నాయి. అన్, ఇన్, ఇమ్, డిస్. మాటకు ముందు వీటిలో ఒకటి తగిలిస్తే అర్థం తిరగబడుతుంది. ఏ మాటకు ఏది తగిలించాలనేదే చిక్కు. ఇంగ్లీషువాడు దానికొక పద్ధతి పెట్టి ఉంటే ఈ తిప్పలు ఉండేవి కావు. వాడు పెట్టలేదు గనక రామసుబ్బమ్మ పెట్టింది. అన్ ముక్కకు టిచ్ బటను, ఇన్ ముక్కకు హుక్కు, ఇమ్ ముక్కకు బొత్తాం కాజా, డిస్ ముక్కకు నాడా. తెల్లపీలికల అంచున వాటి జతలు కుట్టి ఉంటాయి. తప్పు ముక్క తెచ్చి ఎంత నొక్కినా అది అతుక్కోదు.

శీనమ్మ అనే పిల్ల డిస్ ముక్కను హ్యాపీకి కట్టాలని నాడాతో కుస్తీ పడుతోంది.

"తగులుకోలా టీచర్!"

"ఎట్ట తగులుకుంటాదే? దాని మొగుడు అది గాదు. వెతుక్కో."

పిల్లలు పకపకా నవ్వారు. అప్పుడు గుర్తొచ్చింది రామసుబ్బమ్మకు, గది వెనకాల కుర్చీలో డిప్యూటీ ఇన్‌స్పెక్టరు వరప్రసాదం గారు కూర్చుని ఉన్న సంగతి. నాలిక కరుచుకుంది. చెంగు భుజం చుట్టూ లాక్కుని, గొంతు తగ్గించి పాఠం సాగించింది.

శీనమ్మ ఎట్టకేలకు అన్ ముక్క పట్టుకొచ్చి హ్యాపీ మీద నొక్కితే టిచ్చుమంది. అన్‌హ్యాపీ. పిల్ల మొహం వెలిగిపోయింది. సంతోషం లేకపోవడాన్ని అంత సంతోషంగా చదివిన పిల్లను వరప్రసాదం గారు ఎక్కడా చూసి ఉండడు. ఆయన లేచి వచ్చి బల్లమీద పీలికలను ఒక్కొక్కటే తీసి చూశాడు. ఒక హుక్కు తగిలించాడు, విప్పాడు, మళ్ళీ తగిలించాడు.

"ఇవన్నీ ఎవరు కుట్టినారమ్మా?"

"నేనే సార్."

"ట్రైనింగులో చెప్పినారా ఇట్ట?"

"నేను ట్రైనింగు కాలేదు సార్. కుట్టు టీచరుగా తీసుకున్నారు. ఇంగ్లీషుకు ఎవురూ రాకపోతే నాకిచ్చినారు."

ఆయన తల పంకించాడు. విజిట్ బుక్కు రాయడానికి బయటికి నడిచాడు. ఉదయగిరికి ఇంగ్లీషు చెప్పడానికి మనుషులు రారు. వచ్చినా మార్చి ఎండకు కొండరాళ్ళు కాగడం మొదలవగానే బదిలీ కాగితం పెట్టుకుంటారు. రామసుబ్బమ్మకు ఎక్కడికీ పోయే చోటు లేదు గనక ఆరేళ్ళనుంచీ ఉంది. పంతొమ్మిదివందల యాభైలో మూడు నెలలకని ఇచ్చిన క్లాసు ఇప్పటికీ ఆమెదే.

ఇన్‌స్పెక్టరు మధ్యాహ్నం బస్సుకు వెళ్ళిపోయాడు. సాయంత్రం పిల్లలు ఇళ్ళకు పోయాక హెడ్మాస్టరు పెంచలనరసింహం ఆమెను పిలిపించాడు. ఆయన ఎవరిమీదా అరిచే మనిషి కాదు. తెలుగూ లెక్కలూ చెబుతాడు. ఇంగ్లీషు కాగితం వస్తే మాత్రం దాన్ని బల్లమీద కాసేపు అట్లాగే ఉంచి, పక్కనుంచి చూసి, అప్పుడు చేతిలోకి తీసుకుంటాడు. భార్యాబిడ్డలు ఆత్మకూరులో ఉంటారు. ఈయన ఇక్కడ ఒంటికాయ శొంఠికొమ్ములా పదకొండేళ్ళనుంచీ బడి వెనకగదిలో వండుకు తింటున్నాడు.

విజిట్ బుక్కు తెరిచి ఆమె వైపు తిప్పాడు. వేలు పెట్టి చూపించాడు.

"ఇది చదువమ్మా."

రామసుబ్బమ్మ చదివింది. హర్ మెథడ్ ఆఫ్ టీచింగ్ ఆపోజిట్స్ హాజ్ మై అన్‌క్వాలిఫైడ్ అప్రూవల్. చివరిదాకా చదివి మళ్ళీ మొదటికి వచ్చింది. కళ్ళు మాత్రం ఒక్క మాట దగ్గరే ఆగిపోయాయి.

ఆ మాట ఆమెకు కొత్త కాదు. జిల్లా బోర్డు నుంచి వచ్చే ప్రతి జాబితాలోనూ ఆమె పేరు పక్కన ఉండే మాటే. బడిలో టీచర్లు రెండు రకాలు. క్వాలిఫైడ్, అన్‌క్వాలిఫైడ్. అర్హత ఉన్నవాళ్ళు, లేనివాళ్ళు.

"మెథడు బాగుండాదని రాసినాడు. మనిషికి అర్హత లేదని గూడా అదే వాక్యంలో రాసిపెట్టినాడు" అన్నాడు పెంచలనరసింహం. "జూన్ నుంచి ట్రైనింగు అయినోళ్ళనే పెట్టుకోమని బోర్డువాళ్ళు సర్క్యులర్ పంపినారు. ఇన్నాళ్ళూ నేను జవాబు రాయకుండా నెట్టుకొచ్చినా. ఇన్‌స్పెక్టరే తన చేత్తో రాసినాక నేనింకేం చేసేది?"

బల్లమీద సిరాబుడ్డి మూత సరిగా లేదు. ఆమె దాన్ని తిప్పి బిగించింది.

"తీసేసినారనే మాట రికార్డులో పడితే ఇంక కుట్టు టీచరుగా గూడా ఎవురూ రానియ్యరు. నీయంతట నువ్వే మానుకుంటన్నట్టు కాయితం రాసియ్యి. మర్యాదగా ఉంటాది. నీ మంచికే చెప్తన్నా రామసుబ్బమ్మా."

ఆయన గొంతులో నిజంగానే బాధ ఉంది. అదే ఆమెను మరీ కుంగదీసింది. తిట్టి ఉంటే ఎదురు చెప్పేది.

రాజీనామా రాయడానికి రెండు రోజులు పట్టింది. రాయడం చేతకాక కాదు. రాస్తే ఏమవుతుందో తెలుసు గనక. దుత్తలూరులో, భర్త పోయాక ఆమె కొన్నాళ్ళున్న మరిది రత్తయ్య ఇల్లుంది. పోతే కాదనరు. వంటింట్లో ఒక మూల చూపిస్తారు. తెల్లారి లేచి పాలు పిండడం దగ్గర్నుంచి ఆమె పనులన్నీ ఆమెకోసం అక్కడే కాచుకుని ఉంటాయి. ఆ ఇంట్లో ఆమెను టీచరని పిలిచేవాళ్ళు ఉండరు. వదినా అని కూడా పనున్నప్పుడే పిలుస్తారు. చాక్‌పీసు పట్టుకుని ముప్ఫయి మంది ముందు నిలబడ్డ మనిషి మళ్ళీ ఆ పొగలోకి పోవాలి. దానికంటే ఉదయగిరి కొండెక్కి దిగకుండా ఉండిపోవడం మేలనిపించింది ఒక క్షణం.

ఊళ్ళో ఇంగ్లీషు వచ్చినవాళ్ళు లేకపోలేదు. తాలూకాఫీసు నిండా గుమాస్తాలే. ఈ వాక్యానికి అర్థం ఇదేనా అని ఎవరినైనా అడగవచ్చు. అడగాలంటే చూపించాలి. చూపిస్తే, ఇంగ్లీషు టీచరమ్మకు ఇంగ్లీషు రాదన్న మాట సాయంత్రానికల్లా బజారంతా తిరిగొస్తుంది. అయినా అర్థం తెలియకపోవడమేమిటి? అన్ అంటే లేదు. ఆరేళ్ళుగా తనే చెబుతోంది. తను కుట్టిన పీలిక తనకే వచ్చి టిచ్చుమని తగులుకుంది.

ఆ రెండు రోజులూ క్లాసులో సంచీ విప్పలేదు. పాతపాఠం చదివించింది. పిల్లలు మాత్రం ఆపలేదు. నోటుపుస్తకాలు దిద్దుదామని తెరిస్తే కనబడ్డ ప్రతి మాటకూ అన్ తగిలించి పెట్టారు. అన్‌డాగ్. అన్‌రెయిన్. శీనమ్మ అయితే అన్‌టీచర్ అని రాసి, కింద తెలుగులో 'టీచరు రాని రోజు' అని అర్థం కూడా రాసింది. రామసుబ్బమ్మ ఎర్రపెన్సిలు పట్టుకుని ఆ మాటకేసి చాలాసేపు చూసింది. తప్పని గీత కొట్టలేకపోయింది.

ఆమె ఉండేది బీబమ్మ ఇంటి వెనకగదిలో. బీబమ్మ భర్త మదార్ సాహెబు కొయ్యగరిటెలు, చెంచాలు చెక్కుతాడు. కొండమీద కొయ్య తెచ్చి, నానబెట్టి, బాడిసెతో చెక్కి, ఆకురాయితో నున్నగా రుద్దుతాడు. ఆదివారం పొద్దున్నే రామసుబ్బమ్మ రాజీనామా కాగితం మడిచి పెట్టెలో పెట్టి, బియ్యం చేటతో వసారాలోకి వచ్చి కూర్చుంది. తినేది ఒక్కతే కాబట్టి ఏరడానికి గుప్పెడు బియ్యమే. అయినా గింజ గింజా ఏరుతూనే ఉంది. గదిలో కూర్చుంటే గోడలు మాట్లాడవు. ఇక్కడ కనీసం బాడిసె చప్పుడన్నా ఉంటుంది.

"టీచరమ్మ మొహం ఏంది అట్టుండాది?" అంది బీబమ్మ పొయ్యి దగ్గర్నుంచి.

"ఏంలే బీబమ్మా. తలనొప్పి."

మదార్ సాహెబు ఒక చెంచాను వెలుతురుకు పెట్టి అటూ ఇటూ తిప్పాడు. బొటనవేలితో గుంటలో నిమిరాడు. మొహం విప్పారింది.

"ఇది చూడమ్మా. బేదాగ్!"

"అంటే ఏంది అన్నా?"

"దాగ్ అంటే మచ్చ. ఈ కొయ్యలో ఒక్క మచ్చ లేదు, ఒక్క ముడి లేదు. వందలో ఒకటి వస్తాది ఇట్ట."

"బే అంటే చెడ్డది గదా అన్నా? బేకారు అంటారు, బేవార్సు అంటారు."

మదార్ సాహెబు నవ్వాడు. ఆయనకు ముందరి రెండు పళ్ళు లేవు. "చెడ్డదని ఎవురు చెప్పినారు నీకు? బే అంటే లేదని, అంతే. ఏది లేదో చూసుకోవాల గదమ్మా. పని లేకపోతే బేకారు. మచ్చ లేకపోతే బేదాగ్."

రామసుబ్బమ్మ వేళ్ళు చేటలో ఆగిపోయాయి. ఏది లేదో చూసుకోవాలి. అన్ అంటే లేదు, సరే. క్వాలిఫైడ్ అంటే అర్హత. అర్హత లేకపోతే చెడ్డదే కదా, అందులో అనుమానమేముంది? ఆ మాటకు తనకు తెలియని ఇంకో మొహం ఏదైనా ఉంటే తప్ప. ఉంటుందా? ఆమె దగ్గరున్నది అట్టలు ఊడిన చిన్న గైడు. అందులో ఒక్కో మాటకు ఒక్కటే అర్థం ఉంటుంది. అంతకు మించి ఆమెకు అవసరం పడలేదు.

సోమవారం సెలవు పెట్టి ఆత్మకూరు బస్సెక్కింది. రాజీనామా స్వయంగా ఇన్‌స్పెక్టరు ఆఫీసులో ఇచ్చి రమ్మని పెంచలనరసింహం చెప్పాడు. బస్సు దుత్తలూరులో ఆగినప్పుడు ఆమె చెంగు తలమీదుగా లాక్కుని అటుపక్క కిటికీ వైపు తిరిగి కూర్చుంది. ఇంకా కాలేదు, ఇంకా నేను ఇక్కడ దిగే మనిషిని కాలేదు అనుకుంది.

ఆఫీసులో గుమాస్తా బర్కతుల్లా ఒక్కడే ఉన్నాడు. ఎదురుగా ఫైళ్ళ గుట్ట, చెవిమీద పెన్ను.

"అయ్యవారు చేజర్లకు క్యాంపు పోయినారు. రేపుగానీ రారు. కాయితమేదన్నా ఉంటే ఇట్టియ్యండి, తపాలాలో కలిపేస్తా."

ఆయన చెయ్యి చాపాడు. ఆమె సంచీలో చెయ్యి పెట్టింది. కాగితం వేళ్ళకు తగిలింది. ఇచ్చేస్తే ఒక పని అయిపోతుంది. బయటికి తీయబోతూ ఆయన వెనక అద్దాల బీరువాలో లావాటి పుస్తకం వీపు చూసింది. బంగారు అక్షరాలు సగం చెరిగిపోయాయి.

"అది డిక్షనరీనా అండీ?"

"అవును. ఎవురూ ముట్టుకోరు. కావాల్నా?"

బర్కతుల్లా వెనక్కి చూడకుండానే తలుపు తెరిచి పుస్తకం తీసి బల్లమీద పెట్టాడు. దుమ్ము లేచింది. రామసుబ్బమ్మ దాన్ని కిటికీ పక్కన బెంచీమీదికి చంటిబిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకుపోయింది. యు దగ్గర తెరిచింది. అన్ మాటలు పేజీలకు పేజీలున్నాయి. తను కుట్టినవి పాతిక. ఇక్కడ వందలు.

అన్‌క్వాలిఫైడ్. ఒకటి: అర్హత లేని. అది తెలిసిందే. దాని కింద రెండు అని అంకె ఉంది. ఆమె ఆ అంకెనే కాసేపు చూస్తూ ఉండిపోయింది. రెండు: మినహాయింపు లేని, షరతు లేని, సంపూర్ణమైన. నమ్మలేక వెనక్కి తిప్పి క్వాలిఫై చూసింది. అర్హత పొందు. ఆ తర్వాత ఇంకోటి: ఒక మాటకు హద్దు పెట్టు, తగ్గించి చెప్పు.

హద్దు లేని మెప్పు. ఆయన రాసింది అది.

బెంచీమీద కూర్చునే ఆమె ఏడ్చింది. చప్పుడు లేకుండా, కళ్ళజోడు తీసి చెంగుతో తుడుచుకుంటూ. బర్కతుల్లా తల ఎత్తి చూసి, ఆడమనిషిని ఏమని అడగాలో తెలియక మళ్ళీ ఫైలులోకి తల దించాడు. తిరుగుబస్సుకు ఇంకా నాలుగు గంటలుంది. ఆమె అన్ మాటలన్నీ చదివింది. తర్వాత డిస్, ఇమ్, ఇన్. నోటుపుస్తకంలో రాసుకుంది. ముందు తగిలించిన ముక్క ఒకటే అయినా వెనకున్న మాటను బట్టి ఒక్కోటి ఒక్కోలా తిరుగుతోంది. కొన్ని అసలు తిరగడమే లేదు. ఇన్నేళ్ళూ తను బటన్లు కుట్టి బంధించింది వీటినా అని నవ్వొచ్చింది.

బస్సులో వస్తుంటే ఈ సంగతి ఎవరికైనా చెప్పాలని గొంతుదాకా వచ్చింది. పక్కన కూర్చున్నామె కలిగిరి నుంచి కోడిపెట్టను తెచ్చుకుంటోంది. ఆమెకేం చెబుతుంది? ఇంటికి పోతే ఎవరు? తలనొప్పి అని తను చెప్పిన బీబమ్మకు, లేని తలనొప్పి తగ్గిందని చెప్పాలి. దుఃఖమైతే మింగి ఊరుకోవచ్చు. సంతోషం వచ్చి పంచుకునేవాళ్ళు లేకపోతే అది ఎటూ పోక లోపలే కొట్టుకుంటుంది. తను ఒంటరిదన్న సంగతి, ఆరేళ్ళలో ఎన్నడూ లేనంతగా ఆ సాయంత్రం ఆమెకు తెలిసొచ్చింది.

అందుకే మంగళవారం తెల్లారీ తెల్లారకముందే బడికి పోయింది. పెంచలనరసింహం అప్పుడే గది తాళం తీస్తున్నాడు.

"ఇచ్చినావా కాయితం?"

"ఇయ్యలేదు సార్." నోటుపుస్తకం తెరిచి ఆయన ముందు పెట్టింది. "ఆ మాటకు రెండు అర్థాలుండాయి."

ఆయన కుర్చీలో కూర్చుని, అలవాటు ప్రకారం దాన్ని పక్కనుంచి చూసి, తర్వాత దగ్గరికి లాక్కున్నాడు. రెండుసార్లు చదివాడు.

"ఆయన ఏ అర్థంలో రాసినాడని తెలిసేదెట్ట?"

"నన్ను అన్‌క్వాలిఫైడ్ అన్లేదు సార్. అప్రూవల్‌ను అన్నాడు. మనిషికి గాదు, మెప్పుకు తగిలించినాడు. హద్దు లేని మెప్పు అని."

పెంచలనరసింహం విజిట్ బుక్కు తెరిచి మళ్ళీ చూశాడు. పెదవులు కదిలాయి. చివరికి చెయ్యి చాపాడు. ఆమె రాజీనామా తీసి ఇస్తే నాలుగు ముక్కలు చేసి బుట్టలో వేశాడు.

"పొరపాటు నాది" అన్నాడు. "ఈ వాక్యం ఎత్తి రాసి, నిన్ను తీసెయ్యడం గాదు ట్రైనింగుకు పంపండని బోర్డుకు నేనే రాస్తా. ఇన్‌స్పెక్టరు మాట తోసెయ్యలేరు. జీతం మీద పంపుతారు. తిరిగి ఈడికే వస్తావు."

ఆమె చేతులు జోడించింది. వెనక్కి తిరిగి గుమ్మం దాకా పోయింది.

"రామసుబ్బమ్మా."

"సార్?"

"ఆ డిక్షనరీలో ఇన్ మాటలు గూడా చూసినావా?"

"అన్నీ చూసినా సార్. నాలుగు గంటలు కూర్చున్నా గదా."

ఆయన స్కేలు తీసి బల్ల అంచుకు సరిగ్గా ఆనించాడు. అది సరిగ్గానే ఉన్నా ఇంకోసారి సర్దాడు.

"ఇన్‌వాల్యుబుల్ అని ఒకటి ఉంటాది. వాల్యూకు ముందర ఇన్. విలువ లేనిదని. అంతేగదా?"

"నేనూ అట్టే అనుకున్నా సార్. కాదంట. వెల కట్టలేనంత గొప్పదని."

బయట పిల్లలొచ్చే సవ్వడి మొదలైంది. పెంచలనరసింహం స్కేలు మీదే కళ్ళు పెట్టి చెప్పసాగాడు.

"నేను ఆత్మకూరు స్కూల్లో అసిస్టెంటుగా ఉన్నప్పుడు, అప్పటి ఇన్‌స్పెక్టరు, ఒక అరవాయన, రిటైరయి పోతా నాకొక కాయితం రాసిచ్చినాడు. హిజ్ సర్వీసెస్ హావ్ బీన్ ఇన్‌వాల్యుబుల్ టు మీ అని. నవ్వుతా చేతికిచ్చినాడమ్మా. అంత చాకిరీ చేయించుకొని, మొహం మీదనే నవ్వినాడే అనుకున్నా. ఎవురికీ చూపీలా. ఇంట్లో ఆమెకు గూడా చూపీలా. దాన్ని చూసి మనల్ని ఎవురు ఉంచుకుంటారని, ఎవురూ రాని ఉదయగిరికి నేనే అడిగి రాయించుకొని వచ్చినా."

తనను రాజీనామా ఇమ్మన్నప్పుడు ఆయన గొంతులో ఉన్న బాధ తనను గురించింది మాత్రమే కాదని రామసుబ్బమ్మకు అప్పుడు తెలిసింది. తన నాలుగు రోజులు ఈయనకు పదకొండేళ్ళు.

"నీ మాటకు రెండు అర్థాలుండాయి గదా" అన్నాడు ఆయన. "దీనికి గూడా ఇంకోటి ఏదన్నా ఉండాదేమో, చూసినావా?"

ఉందని, ఈ పదకొండేళ్ళూ ఉత్తపుణ్యానికి పోలేదని చెబితే బాగుండునని ఆయన కళ్ళు అడుగుతున్నాయి. ఆ పుస్తకాన్ని ఈ ఊళ్ళో ఇంకెవరూ చూడబోరు. ఉందనడానికి ఒక్క మాట చాలు. ఆమె నోటిదాకా వచ్చింది కూడా.

"లేదు సార్. ఒకటే" అంది.

పెంచలనరసింహం సరేనన్నట్టు తలూపాడు. మొదటి బెల్లు కొట్టే వేళయింది. ఆయన బల్లమీద చేతులానించి లేవబోయి, లేవలేక మళ్ళీ కూర్చున్నాడు. రామసుబ్బమ్మే పోయి బెల్లు కొట్టింది.